‘సమాగమం’ కథలోని సఖ్యము

మన ప్రబంధములలో చెలికత్తెకు స్థానమున్నదిగాని స్వతంత్రజీవితము లేదు. కడప మండలమందలి కోకట గ్రామమును అగ్రహారముగా బడసిన పెద్దన కావ్యమున వరూధిని సఖులు ఆమె విరహమునకు ఉపచారములు చేయుటకే వత్తురు. వసుచరిత్రమందలి మంజువాణియు గిరిక ప్రణయమునకు దూతికయే. నాయిక కోర్కె ఈడేరినంతనే వారి పని ముగియును.

ఓల్గా రచించిన ‘విముక్త’ సంపుటికి 2015లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారము లభించినది. అందలి ‘సమాగమం’ ఈ సంప్రదాయమును దాటినది. రామలక్ష్మణుల వలన వికృతరూపయైన శూర్పణఖయు, రామపరిత్యక్తయైన సీతయు వనమున కలిసికొందురు. పురుషుల వైరమున తామిరువురును సాధనములైతిమను ఎఱుకయే వారిని కలుపును. శూర్పణఖ పెంచిన పూదోట, తాను కోల్పోయిన సౌందర్యమును ఆమె ప్రకృతియందు తిరిగి కనుగొనినదనుటకు నిదర్శనము.

అయినను మాకొక కొఱత తోచుచున్నది. ఈ సఖ్యమున శూర్పణఖ ఇచ్చునది ఎక్కువ, పొందునది తక్కువ; ఆమె చెలికంటె గురువుగా భాసించును. యావజ్జీవసఖ్యమును చిత్రించుటకు అలుకలు, ఎడబాట్లు, ఏండ్ల కాలము కావలెను. అంతటి భారమును నవలయే మోయగలదు. ఇతిహాసము శత్రువులుగా నిలిపిన స్త్రీలను ఆప్తులుగా నమ్మించుట మాత్రము సామాన్యవిజయము గాదు. నవలాకారులు ఇచ్చటినుండి ముందుకు సాగవలెనని మా ఆకాంక్ష.