తిరిగిన ఆడది చెడిందా?

“తిరిగి ఆడది చెడింది, తిరగక మగవాడు చెడ్డాడు” అని మనకో సామెత ఉంది. కాకరకాయ చేదు, చెరుకు తీపి అన్నంత ధీమాగా అంటారు దీన్ని. సామెతలకున్న సుఖమే అది. రుజువు ఎవరూ అడగరు. మాటల తూకం కుదిరితే చాలు, సత్యమైపోతుంది.

ఈ సామెతను మనసులో పెట్టుకుని ఒక పాత పుస్తకాన్ని మళ్ళీ చదివితే కొత్త సంగతులు కనిపిస్తాయి. ఆ పుస్తకం పేరు ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’. రాసినవారు భండారు అచ్చమాంబగారు. అచ్చయింది 1901లో. మన చరిత్రలో పేరు తెచ్చుకున్న స్త్రీల జీవితాలను వెతికి, పోగుచేసి, దండగా గుచ్చిన పుస్తకం ఇది. ఎందుకు రాశారో ఆవిడే చెప్పుకున్నారు. స్త్రీలు బలం లేనివాళ్ళు, బుద్ధి లేనివాళ్ళు, వివేకం లేనివాళ్ళు అని కొందరు అంటున్నారు కదా, ఆ మాట అబద్ధమని చూపించడానికి. చదువుకుంటే ఆడవాళ్ళు చెడిపోరు, బాగుపడతారని చూపించడానికి.

ఆవిడ మాత్రం ఏ బడికి వెళ్ళి చదువుకున్నారు గనుక! 1874లో కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టారు. పదేళ్ళ వయసుకే పెళ్ళయింది. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు తమ ఇంట్లో ఉండి చదువుకుంటూ ఉంటే, పక్కన కూర్చుని తానూ తెలుగు, హిందీ నేర్చుకున్నారు. ఆ తర్వాత మరికొన్ని భాషలు. ఆ తమ్ముడు తర్వాత మునగాల సంస్థానంలో దివానుగా పనిచేశారు. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పెట్టినవారిలో ఆయనా ఒకరు. అదీ 1901లోనే. మా నాగోల్‌లో బయల్దేరి, ఎల్.బి.నగర్ దగ్గర విజయవాడ రోడ్డెక్కితే మునగాల దారిలోనే తగులుతుంది. ఇంకా ముందుకు పోతే పెనుగంచిప్రోలు దగ్గరకొస్తుంది. ఆవిడ మనకేమీ దూరపు మనిషి కాదు.

ఇంతకూ పుస్తకం పేరు చూశారా? ఆడవాళ్ళు బలహీనులు కారని నిరూపించే పుస్తకానికి పేరు ‘అబలా’ సచ్చరిత్ర. అబల అంటే బలం లేనిది. తప్పు అచ్చమాంబగారిది కాదు. భాష ఆవిడకు అందించిన పాత్రలే అవి. అమరకోశం తిరగేయండి. స్త్రీకి ఉన్న పేర్లలో ‘అబల’ ఒకటి. స్త్రీలలో రకాలు చెబుతూ ‘భీరువు’ అన్నారు. అంటే పిరికిది అని. ఇక కోమలి సంగతి సరేసరి. నిఘంటువులోనే ఇంత వైద్యశాస్త్రం ఉంటే, పాపం వేరే డాక్టర్లెందుకు!

ఈ రోజుల్లో ఎవరూ మనల్ని అబల అనరు లెండి. మర్యాదలు పెరిగాయి. ఇప్పుడు మాట మార్చి, “ఆడవాళ్ళ మెదడు నిర్మాణమే అంత, హార్మోన్లు అలా పనిచేస్తాయి” అంటారు. దారులు గుర్తుండవట, లెక్కలు అంతంతమాత్రమట, స్టీరింగు పట్టుకుంటే కుడి ఎడమలు తెలియవట. పూర్వం శాస్త్రం అంటే ధర్మశాస్త్రం, ఇప్పుడు జీవశాస్త్రం. తీర్పు మాత్రం ఒకటే.

ఈ తీర్పు వినడానికి మా నాగోల్‌ని మించిన చోటు లేదు. ఆర్.టి.ఏ. వారి డ్రైవింగ్ పరీక్ష ట్రాకు ఇక్కడే ఉంది. స్కూటరు వాళ్ళు ఎనిమిది అంకె చుట్టాలి. కారు వాళ్ళు ‘హెచ్’ అక్షరం ఆకారంలో ముందుకూ వెనక్కూ నడిపి చూపించాలి. అబ్బాయి కాలు కింద పెడితే, “పాపం, కంగారు పడ్డాడు” అంటారు. అమ్మాయి కాలు కింద పెడితే, “ఆడపిల్ల కదా” అంటారు. వాడి తప్పు వాడిది. దీని తప్పు మాత్రం జాతి మొత్తానిదీ!

సరే, జీవశాస్త్రాన్నే పిలిచారు కాబట్టి దాని సాక్ష్యమే విందాం. సగం విని లేచిపోకుండా పూర్తిగా విందాం.

ఆడ మగ శరీరాల్లో తేడాలు లేవని ఎవరూ అనరు. అంటే అది మొండితనం. సగటున మగవాళ్ళు మనకంటే పన్నెండు, పదమూడు సెంటీమీటర్లు పొడుగు. కండరం ఎక్కువ. ఆ కండరం చాలావరకు యౌవనంలో పెరిగే టెస్టోస్టిరోన్ అనే హార్మోను చలవ. కానీ ‘సగటు’ అన్న మాటను గట్టిగా పట్టుకోవాలి. సగటు మనిషి ఎవరింట్లోనూ ఉండడు. నాగోల్ స్టేషన్‌లో ఏ మెట్రో పెట్టె ఎక్కినా, పక్కనున్న మగవాళ్ళకంటే పొడుగైన ఆడపిల్లలు ఒకరిద్దరు కనిపిస్తారు. ఎత్తు విషయంలోనే ఇలా ఉంటే, బుద్ధి విషయంలో చెప్పేదేముంది? జానెట్ హైడ్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 2005లో పాత పరిశోధనల లెక్కలన్నీ ఒకచోట చేర్చి చూసింది. ఆడ మగ తేడాలని చెప్పుకునేవాటిలో 78 శాతం అతి స్వల్పం, లేదా దాదాపు శూన్యం. బంతి విసరడం లాంటి కొన్నింటిలో మాత్రం పెద్ద తేడా ఉంది. ఒక బొమ్మను మనసులో తిప్పి చూసుకోవడంలో కూడా కొంత తేడా ఉంది.

అదిగో, దొరికిపోయాం అంటారా? బొమ్మను మనసులో తిప్పలేనివాళ్ళు బండిని రోడ్డు మీద ఏం తిప్పుతారు అంటారా? కాస్త ఆగండి. మన దేశంలోనే, మేఘాలయ ప్రాంతంలో ఖాసీలని ఒక జాతివారున్నారు. వాళ్ళలో ఆస్తి ఆడపిల్లకు వస్తుంది. ఆ పక్కనే కర్బీలున్నారు. వాళ్ళది మనలాగే తండ్రి వరస. ఈ రెండు జాతులలో సుమారు 1300 మందికి ముక్కలు కలిపే బొమ్మ ఒకటి ఇచ్చి, ఎవరెంత సేపట్లో పూర్తిచేస్తారో చూశారు. ఆ ఫలితాలు 2011లో అచ్చయ్యాయి. కర్బీలలో ఆడవాళ్ళు వెనకబడ్డారు. ఖాసీలలో ఆడ మగ తేడానే కనిపించలేదు. ఒకే ప్రాంతం, ఇరుగుపొరుగు ఊళ్ళు. తేడా ఎక్కడుంది? ఇంటి తాళంచెవి ఎవరి చేతిలో ఉంది, బడికి ఎవరిని పంపారు అన్నదాంట్లో ఉంది. ఆ తేడాలో మూడోవంతు దాకా చదువు లెక్కలోకే పోయింది.

లండన్ టాక్సీ డ్రైవర్ల సంగతి ఇంకా విచిత్రం. ఆ నగరంలో వేలకొద్దీ వీధులు బట్టీ పడితేగాని లైసెన్సు ఇవ్వరు. 2000లో వాళ్ళ మెదళ్ళను ఫొటోలు తీసి చూస్తే, దారులు గుర్తుపెట్టుకునే భాగంలో వెనకవైపు మామూలువాళ్ళకంటే పెద్దదిగా ఉంది. పుట్టుకతోనే అంతేమోనన్న అనుమానం రాకుండా, తర్వాత కొత్తగా నేర్చుకుంటున్నవాళ్ళను కొన్నేళ్ళపాటు గమనించారు. చదివి పరీక్ష నెగ్గినవాళ్ళకు ఆ భాగం పెరిగిందని 2011లో తేలింది. అంటే ఏమన్నమాట? తిరిగితే మెదడు పెరుగుతుంది. మరి “తిరిగి ఆడది చెడింది” అని ఇంట్లో కూర్చోబెట్టి, ఆ తర్వాత “ఆడదానికి దారులు తెలియవు” అంటే, దీన్ని ప్రకృతి అనాలా, మన చేతి పని అనాలా?

పుట్టుకతోనే వచ్చే తేడా ఒకటి, డ్రైవింగుకు నేరుగా సంబంధించినది, నేనే చెబుతాను. ఎరుపును, ఆకుపచ్చను వేరుగా గుర్తించలేని లోపం. ఆ రంగులకు సంబంధించిన జన్యువులు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటాయి. ఆడవాళ్ళకు ఎక్స్‌లు రెండు. ఒకటి చెడినా రెండోది ఆదుకుంటుంది. మగవాళ్ళకు ఉన్నది ఒక్కటే. అందుకే ఉత్తర ఐరోపా సంతతి మగవాళ్ళలో నూటికి ఎనిమిది మందికి ఈ లోపం ఉంటే, ఆడవాళ్ళలో రెండువందలకు ఒక్కరికి ఉంటుంది. ట్రాఫిక్ లైట్లు ఉన్నవేమో ఎరుపు, ఆకుపచ్చ! అయినా “మగవాళ్ళకు బండి ఇవ్వకండమ్మా, వాళ్ళ పుట్టుకే అంత” అని ఎవరైనా అనగా విన్నారా? అనకూడదు కూడా. నూటికి ఎనిమిది మందిని చూసి తక్కిన తొంభైరెండు మందిని అనడం అన్యాయం. ఆ న్యాయమే మనకూ కావాలంటున్నాను.

ఇప్పుడు అచ్చమాంబగారి దగ్గరకు వద్దాం. ఆవిడ ఎత్తుకున్న పద్ధతి ఉదాహరణల పద్ధతి. మీరు బుద్ధి లేదన్నారు, ఇదిగో ఈవిడ. బలం లేదన్నారు, ఇదిగో ఆవిడ. ఈ పద్ధతికి ఒక చిక్కుంది. ఎదుటివాళ్ళు చాలా తేలిగ్గా, “వాళ్ళు అసాధారణ స్త్రీలండీ, అందరూ అలా ఉంటారా?” అని తప్పించుకుంటారు. నిజమే, రాణులూ విదుషీమణులూ వీధికొకరు ఉండరు. కానీ ఈ ఉదాహరణలకు ఒక బలం ఉంది. పుట్టుక అడ్డమైతే అందరికీ అడ్డం కావాలి కదా! ఒక్కరు దాటినా, అది గోడ కాదు, తలుపు అని తెలిసిపోతుంది. ఇక తలుపుకు గడియ ఎవరు పెట్టారన్నదే ప్రశ్న. ఆ ప్రశ్నను పుస్తకం గట్టిగా అడగలేదు. అది దాని లోటు. కానీ అడగడానికి కావలసిన సాక్ష్యమంతా పోగుచేసి పెట్టింది.

రెండో లోటు కాస్త సున్నితమైనది. 1902లో ఆవిడ రాసిన ‘ధనత్రయోదశి’ కథ చూడండి. పేద ఉద్యోగి పండగపూట యజమాని సొమ్ము తీసుకొస్తాడు. భార్య ఒప్పుకోదు, నచ్చజెప్పి వెనక్కి ఇప్పిస్తుంది. చక్కని కథ. ఆ ఇల్లాలి ధైర్యం ముచ్చటేస్తుంది. అయితే చదివినవాళ్ళు ఒక పాఠం నేర్చుకునే ప్రమాదం ఉంది: మగవాడు జారతాడు, నీతిని ఆడది కాపాడాలి, అది ఆడదాని స్వభావం అని. తిట్టు ఎలా ఒక మూసో, పొగడ్త కూడా అలాగే ఒక మూస. “ఓర్పు ఆడదానికి పుట్టుకతోనే వస్తుంది” అన్నవాళ్ళు మరుక్షణం చంటిపిల్లను మన చేతికిచ్చి పేపరు తీస్తారు. ఇక్కడా జీవశాస్త్రం వేరే మాట చెబుతోంది. ఫిలిప్పీన్స్‌లో 624 మంది యువకులను కొన్నేళ్ళు గమనించి 2011లో ప్రకటించారు. తండ్రులయ్యాక వాళ్ళలో టెస్టోస్టిరోన్ బాగా తగ్గింది. రోజూ మూడు గంటలు, అంతకు మించి పిల్లల పని చూసేవాళ్ళలో ఇంకా తక్కువ. అంటే బిడ్డను ఎత్తుకోవడానికి మగ శరీరం కూడా తయారవుతుందన్నమాట. ఎత్తుకోవాలి, అంతే!

అచ్చమాంబగారి తర్వాత తొంభై ఏళ్ళకు ఓల్గా ‘రాజకీయ కథలు’ రాసింది. 1993లో పుస్తకంగా వచ్చింది. ఆమె రాణుల జోలికి పోలేదు. మామూలు ఆడపిల్ల శరీరాన్నే తీసుకుంది. ఒక్కొక్క అవయవం మీద ఇంటివాళ్ళూ వీధివాళ్ళూ పెట్టిన ఆంక్షలను ఒక్కొక్క కథగా చెప్పింది. అచ్చమాంబగారు అడగకుండా వదిలేసిన గడియ ప్రశ్న ఇక్కడ వినిపిస్తుంది. శరీరం దానంతటదే అబల కాలేదు, చేశారు అని. కానీ ఓల్గా కథల్లో లేని ఒక ఉత్సాహం ఆ పాత పుస్తకంలో ఉంది. ఓల్గా మన కట్లను చూపిస్తే, అచ్చమాంబగారు కట్లు తెంచుకున్నవాళ్ళను చూపించారు. మన పుస్తకాల బీరువాలో రెండూ పక్కపక్కన ఉండాలి.

ఇంకో సంగతి. అచ్చమాంబగారు రాసి ఊరుకోలేదు, తిరిగారు కూడా. 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబగారితో కలిసి మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజం పెట్టారు. ఊరూరా తిరిగి మరికొన్ని సమాజాలకు ప్రాణం పోశారు. 1905లో, ముప్ఫై ఒక్క ఏళ్ళు నిండకుండానే చనిపోయారు. సామెత ప్రకారం ఈవిడ ఎంత చెడిపోయి ఉండాలో మీరే లెక్క వేసుకోండి!

మా నాగోల్ నుంచి మెట్రో 2017 నవంబరు 29న ప్రజలకోసం నడవడం మొదలుపెట్టింది. ఆ రైళ్ళు నడిపేవాళ్ళలో ఆడపిల్లలూ ఉన్నారు. ఎక్కినవాళ్ళు పేపరో ఫోనో చూసుకుంటూ దిగిపోతారు తప్ప, ముందు కూర్చున్నది ఆడపిల్లా మగపిల్లాడా అని ఎవరు చూస్తారు? అచ్చమాంబగారు కోరుకున్నది బహుశా ఇదే. రత్నాల దండలో గుచ్చవలసిన అవసరమే లేనంత మామూలు కావడం.

ఒక్కమాట మాత్రం మనలో మనం అనుకోవాలి. “నాకు దారులు గుర్తుండవమ్మా, ఆయన ఉంటేనే వస్తాను” అని ముచ్చటగా చెప్పుకునేది మనమే. పద్దెనిమిది నిండగానే కొడుకుకి బండి తాళాలిచ్చి, కూతుర్ని “అన్నయ్య దింపుతాడులే” అనేదీ మనమే. ఆ అమ్మాయి పాతికేళ్ళకు కంగారు పడుతూ నాగోల్ ట్రాకు మీద కాలు కింద పెడితే, తప్పు ఎక్స్ క్రోమోజోముది అనుకుందామా? ఈ ఆదివారం కూరలకో పుస్తకాలకో దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళవలసిన పని ఉంటే అమ్మాయిని ముందు నడవనివ్వండి. దారి తప్పితే తప్పనివ్వండి. దారి తప్పకుండా దారి నేర్చుకున్న మగవాడు మాత్రం ఎక్కడున్నాడు?