తెరమీది ముఖమూ, చరిత్రలోని మనిషీ

చారిత్రక వ్యక్తుల పాత్రలు ధరించిన నటులను గురించి మన పత్రికల్లో వచ్చే విమర్శ సాధారణంగా రెండు మాటలతో ముగిసిపోతూ వుంటుంది. 'పాత్రలో జీవించాడు' అన్నది మొదటిది. 'అచ్చం ఆ మహానుభావుడే దిగివచ్చినట్టున్నాడు' అన్నది రెండవది. మొదటిది పొగడ్తేగాని విమర్శ కాదు. రెండవ దానికి అర్థమే లేదు. వేమనను చూసినవాళ్లెవరు? పోతన ముఖం యెవరికి తెలుసు? పోలిక చెప్పాలంటే రెండు ముఖాలు కావాలి. మన దగ్గర వున్నది ఒక్కటే, అది నటుడిది.

అసలు సమస్య యిక్కడే వుంది. చరిత్ర ముఖాన్ని మిగల్చని చోట నటుడి ముఖమే చరిత్ర అయి కూర్చుంటుంది. కాచిగూడలో నేను పాఠం చెప్పే తరగతిలో అల్లూరి సీతారామరాజు యెలా వుండేవాడని అడిగితే కాషాయవస్త్రాలు, గడ్డం, చేతిలో విల్లు అని వెంటనే చెబుతారు. చాలామంది మనసులో వున్నది 1974 నాటి సినిమాలోని కృష్ణ. యెవరిమీద తిరగబడ్డాడంటే తెల్లవాళ్లమీద అంటారు. యే చట్టంమీద, యే అధికారిమీద అంటే మాత్రం తరగతి నిశ్శబ్దమైపోతుంది. ముఖం తెలిసి కారణం తెలియకపోవడం విద్యార్థుల తప్పు కాదు. చరిత్ర వాళ్లకు అందిన దారి అటువంటిది.

కాబట్టి యిటువంటి నటనను తూచడానికి మనకు వేరే తూనికరాయి కావాలి. తెరమీద ఆ మనిషి పక్కన యెవరున్నారు? యెదురుగా యెవరున్నారు? యీ రెండు ప్రశ్నలు చాలునని నా అభిప్రాయం. మనిషిని చరిత్రలో నిలబెట్టేది అతని కిరీటమూ, గడ్డమూ కావు. అతని సహచరులు, అతని శత్రువులు.

చిత్తూరు నాగయ్యతో మొదలుపెడదాం. 'భక్త పోతన' (1943), 'త్యాగయ్య' (1946), 'యోగి వేమన' (1947) - అయిదేళ్లలో ముగ్గురికి ఆయన ముఖాన్నీ గొంతునూ యిచ్చాడు. మొదటిదానికీ మూడవదానికీ కె.వి. రెడ్డి దర్శకుడు, 'త్యాగయ్య'కు నాగయ్యే దర్శకుడు. రంగస్థలపు కేకలు యింకా వదలని ఆ రోజుల్లో గొంతు తగ్గించి మాట్లాడటమూ, తొందర లేకుండా చూడటమూ మన తెరకు నేర్పినవాళ్లలో ఆయన ముఖ్యుడు. ప్రాణంగా పెంచుకున్న అన్నకూతురు చనిపోయినప్పుడు వేమనగా ఆయన చూపిన దుఃఖం యీనాటికీ చూసేవారి గొంతుకు అడ్డుపడుతుంది.

అయితే ఆ వేమనకు యెదురుగా వున్నదెవరు? వేశ్యాలోలత్వం, బంగారం చేసే విద్యమీద ఆశ, పసిబిడ్డ చావు, ఆపైన వైరాగ్యం - యిదీ సినిమా వరస. అంటే వేమనకు ప్రత్యర్థి మృత్యువు. స్వంత దుఃఖం ఒక యోగిని తయారుచేయవచ్చు. కులగర్వాన్నీ, రాతిపూజనూ, దొంగ గురువులనూ చెండాడిన కవిని తయారుచేయడానికి అది చాలదు. అటువంటి కవికి యెదురుగా ఒక సంఘం వుండాలి. బ్రౌను 1829లో అచ్చు వేయించేనాటికే ఆ పద్యాలు జనం నోళ్లలో బతుకుతున్నాయి. యెందుకు బతికాయో నాగయ్య కన్నీరు చెప్పలేదు. లోపం నటుడిది కాదు. 'యోగి' అన్న మాటను ముందు తగిలించుకున్న కథది.

కవులనుంచి రాజుల దగ్గరికి వస్తే మొదట చెప్పవలసింది ఎన్.టి. రామారావును గురించి. 'తెనాలి రామకృష్ణ' (1956)లోనూ, 'మహామంత్రి తిమ్మరుసు' (1962)లోనూ ఆయనే కృష్ణదేవరాయలు. ఆ నడకా, ఆ చూపూ తెలుగువాళ్ల మనసులో రాజు అన్న మాటకు నిర్వచనమైపోయాయి. ఆయన ప్రభావం మా పేటల వాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. కాచిగూడ తారకరామ, అబిడ్స్ రామకృష్ణ ఆయన కట్టించిన థియేటర్లే. 1983లో ఆ నటుడే ముఖ్యమంత్రి అయినాడు. ట్యాంక్‌బండ్‌మీద రాయలవారితో సహా తెలుగు ప్రముఖుల విగ్రహాలు నిలిచింది ఆయన హయాంలోనే. తెరమీది రాజసం రాజకీయపు పెట్టుబడి కావడానికి యింతకంటే మంచి ఉదాహరణ మనకు దొరకదు.

కాని 'మహామంత్రి తిమ్మరుసు'లో గుర్తుండిపోయేది రాజు కాదు, మంత్రి. అప్పటికి ముప్పయి అయిదేళ్ల గుమ్మడి ఆ వృద్ధుడి పాత్ర ధరించాడు. రాజకుమారుడికి విషం పెట్టించాడన్న నిందమోసి కళ్లు పోగొట్టుకున్న ఆ అప్పాజీలో, సేవచేసిన చేతులనే సింహాసనం యెలా నరుకుతుందో మనకు కనిపిస్తుంది. రాచరికానికి యెదురుగా ఒక మనిషి నిలబడ్డాడు కాబట్టే ఆ నటనకు ఆ బలం. అయినా ఒక మాట చెప్పక తప్పదు. ఆ శిక్ష కథ పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాసిన వృత్తాంతంలో వుంది. రైతులు పదింట తొమ్మిది పాళ్లు ప్రభువులకే చెల్లిస్తారని కూడా ఆ నూనిజే రాశాడు. మంత్రి కళ్లు సినిమాకు యెక్కాయి. రైతుల తొమ్మిది పాళ్లు యెక్కలేదు.

యిక మన్యం. కృష్ణ నూరవ చిత్రం 'అల్లూరి సీతారామరాజు' (1974). దర్శకుడు వి. రామచంద్రరావు మధ్యలోనే మరణించగా తక్కినది యితరులు పూర్తిచేశారు. కృష్ణ హావభావాలకు హద్దులున్న నటుడు. యీ పాత్రలో ఆ హద్దులే మేలుచేశాయి. ఆ నిశ్చలత్వం సంకల్పబలంగా కనిపించింది. రూథర్‌ఫర్డ్‌గా జగ్గయ్య శత్రువును వెకిలివాడిగా కాక, బుద్ధీ హుందాతనమూ వున్న అధికారిగా చూపడం యీ చిత్రానికి పెద్ద ఆస్తి. శత్రువు బరువు తెలిస్తేనే తిరుగుబాటు బరువు తెలుస్తుంది.

లోటు పక్కనున్నవారి విషయంలో వుంది. పోడు వ్యవసాయానికి సంకెళ్లు వేసిన 1882 నాటి మద్రాసు అటవీచట్టం, రోడ్డుపనుల్లో కూలి యెగవేసిన బాస్టియన్ దొర, ఉద్యోగం పోగొట్టుకున్న గాం గంటందొర - వీరందరూ లేకుండా సీతారామరాజు లేడు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లమీద పడ్డది తుపాకులకోసం. ప్రజల జ్ఞాపకంలో తుపాకి జారిపోయి విల్లు మిగిలింది; మన్యం జనం తోటి యోధులుగా కాక భక్తబృందంగా మిగిలారు. యోధుణ్ణి అవతారపురుషుణ్ణి చేయడంలో వున్న ప్రమాదం యిదే. అవతారంకోసం జనం యెదురుచూస్తారు. నాయకుడితో కలిసి నడుస్తారు.

కొమరం భీం విషయం మనకు మరింత దగ్గరిది. ఆయనకు యెదురుగా వున్నది యీ హైదరాబాదునుంచి యేలిన నిజాం ప్రభుత్వమూ, దాని జంగ్లాతు అధికారులూ. ఆసిఫాబాదు అడవుల్లో పన్నెండు గూడేల భూమికోసం పోరాడి 1940లో జోడెఘాట్‌లో నేలకొరిగాడు. అల్లాణి శ్రీధర్ 1990లో తీసిన 'కొమరం భీం'లో భూపాల్‌రెడ్డి ఆ పాత్ర ధరించాడు. ఆర్భాటం లేని ఆ నటనలో గూడెం మనిషి కనిపిస్తాడు. థియేటర్లకు రావడానికి ఆ చిత్రానికి రెండు దశాబ్దాలు పట్టింది.

2022లో వచ్చిన 'ఆర్.ఆర్.ఆర్.' ప్రపంచమంతా తిరిగింది. కొరడాదెబ్బల దృశ్యంలో మోకరిల్లని భీంగా జూనియర్ ఎన్.టి.ఆర్. నటన గొప్పది, కాదనేవాడు కళ్లు మూసుకున్నవాడే. కాని ఆ భీం వున్నది ఢిల్లీలో. యెదురుగా వున్నది తెల్లదొర. జంగ్లాతు అధికారి యేడి? జోడెఘాట్ యేది? చివరికి అతడు అల్లూరిని చదువు చెప్పమని అడుగుతాడు. 'జల్ జంగల్ జమీన్' అన్న నినాదాన్ని అల్లూరి రాసి యిస్తాడు. చరిత్రలో భీం చదవనూ రాయనూ నేర్చినవాడని ఆయన జీవితకథలు చెబుతున్నాయి. గోండు వీరుడి నినాదం అతని నోటినుంచి తీసి మరొకరి చేతికి యివ్వడం కల్పనాస్వేచ్ఛ అనుకోలేము. అది ఆదివాసి ఆలోచించగలడన్న సంగతిని తుడిచివేయడం.

అది కల్పితకథ అని వాళ్లే చెప్పారు గదా అని కొందరంటారు. కల్పనకు మనం శత్రువులం కాము. గౌతమ్ ఘోష్ తీసిన 'మా భూమి' (1979)లో సాయిచంద్ ధరించిన రామయ్య కల్పితుడే. అతని పక్కన వెట్టిచేసే జనమూ, యెదుట గడీ దొరా వున్నారు. అందుకే ఆ లేని మనిషి తెలంగాణ సాయుధపోరాట చరిత్రను మోయగలిగాడు. కల్పితుడి పేరుతో సత్యం చెప్పవచ్చు. నిజమైన పేరు పెట్టుకుని శత్రువును మార్చివేస్తే దాన్ని మనం ప్రశ్నించాలి.

సినిమా మన స్థాయికి తగదని తరగతి గది తలుపు మూసుకుంటే నష్టపోయేది మనమే. జనం చరిత్ర నేర్చుకుంటున్నది అక్కడే. ఉపాధ్యాయులు యీ చిత్రాలను పాఠంలోకి తేవాలి, నటుణ్ణి మెచ్చుకోనివ్వాలి, ఆపైన పక్కన యెవరు, యెదుట యెవరు అని అడగాలి. జవాబు తెరమీద దొరకని చోట విద్యార్థి పుస్తకం తెరుస్తాడు. ఆ పుస్తకాన్ని అందుబాటులో వుంచవలసిన పూచీ మనది.