మన మాట ఎవరి నోట?

నా చిన్నప్పుడు మెదక్‌లో ఒక ఆదివారం అమ్మతో, పెద్దమ్మతో మ్యాట్నీకి వెళ్లాను. తెరమీద హీరోయిన్ పాఠ్యపుస్తకం అప్పజెప్తున్నట్టు మాట్లాడుతోంది. ఇంతలో పనిమనిషి నోరు విప్పింది. హాలంతా గొల్లుమంది. అమ్మ మాత్రం నవ్వలేదు. "అండ్ల నవ్వేటిదేమున్నది? నేను గూడ గట్లనే మాట్లాడ్త గద!" అంది. "ఊరుకో అమ్మా, అందరూ వింటారు" అన్నాను సిగ్గుతో. ఆ సిగ్గు ఎవరు నేర్పారో అప్పుడు తెలియలేదు.

పనిమనిషి, తాగుబోతు, రౌడీ... చాలా ఏళ్లు తెలుగు సినిమా మన తెలంగాణ మాటకిచ్చిన వేషాలు ఎక్కువగా ఇవే. పోనీ, మనవాళ్లలో సత్తా లేకనా? కరీంనగర్ పైడి జైరాజ్ మూకీల కాలంలోనే బొంబాయి వెళ్లి హీరో అయ్యారు. 1980కి ఫాల్కే అవార్డు అందుకున్నారు. 1962లో 'గులేబకావళి కథ'తో మొదలుపెట్టి సి. నారాయణరెడ్డి గారు ఎన్ని పాటలు రాయలేదు! మన పాట కావలసి వచ్చింది గానీ, మాటే అక్కర్లేకపోయింది.

ఇది మన ఇంటి గొడవే అనుకోకండి. అమెరికాలో 1961లో వచ్చిన 'వెస్ట్ సైడ్ స్టోరీ'లో కథానాయిక ప్యూర్టోరికో పిల్ల. ఆ వేషం కట్టింది రష్యన్ సంతతి నటాలీ వుడ్. నిజంగా ప్యూర్టోరికోలో పుట్టిన రీటా మొరేనోకి సహాయపాత్ర. చాలదన్నట్టు ఆమె మొహానికి ఇంకాస్త ముదురు రంగు పూశారు! ఆస్కార్ మాత్రం ఆమెకూ వచ్చింది లెండి.

మన దగ్గర ఈ లెక్క సరిచేసినవారిలో బి. నర్సింగరావు ఒకరు. ఆయనది ఒకప్పటి మన మెదక్ జిల్లాలోని ప్రజ్ఞాపూర్. ఆయన 'దాసి' (1988)లో గడీలో మగ్గిపోయే ఆడమనిషిని చూసి ఎవరూ నవ్వరు. అర్చనకు జాతీయ ఉత్తమ నటి అవార్డు ఊరికే రాలేదు. 2017లో 'ఫిదా' వచ్చేసరికి బాన్సువాడ భానుమతే హీరోయిన్! తమిళనాడు అమ్మాయి సాయిపల్లవి మన మాట నేర్చుకుని సొంత గొంతుతో చెప్పింది. 2023లో 'బలగం' చూస్తూ, నల్లిబొక్క దగ్గర మొదలైన పంతం ఇంటి ఆడబిడ్డను పుట్టింటికి దూరం చేస్తే మనమూ ఏడ్చాం.

ఒక్క ఫిర్యాదు మాత్రం ఉంది. ఇప్పుడు కొందరికి తెలంగాణ మాటంటే మందు సీసా, గావుకేకలే. బడిలో పాఠం చెప్పే, బ్యాంకులో లెక్కలు చూసే, మెల్లగా మాట్లాడే మన ఆడవాళ్లు తెరమీద ఇంకా అరుదే.

సినిమావాళ్లను ఇంతలా అంటున్నాను గానీ, నేనేం తక్కువ తిన్నానా? నా మొదటి నవలలో నాయికది పుస్తకాల భాష, పనిమనిషిది అచ్చంగా మా అమ్మ భాష. అమ్మ చదివి పుస్తకం మూసి, "నన్ను పనిమనిషిని జేసినవా బిడ్డా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు రాస్తున్న నవలలో నాయిక టీచరమ్మ. "ఏమైతది తియ్" అంటుంది ధీమాగా. మరి పనిమనిషి అంటారా? ఆవిడా అట్లనే మాట్లాడుతుంది. ఇద్దరిదీ ఒకే ఊరు కదా!