శూర్పణఖ తోటకి దారి

తెలుగు కథల్లో పిల్లల్లేని మనిషి కొత్తేమీ కాదు. నోములు పట్టే ఇల్లాలు, రెండో పెళ్ళికి సిద్ధపడే భర్త, గొడ్రాలని నోరు పారేసుకునే అత్త, చివరి పేజీలో గుడిమెట్ల మీద దొరికే పసివాడు... వీళ్ళంతా మనకి చిన్నప్పటినుంచీ తెలిసినవాళ్ళే. ఈ కథల్లో లేమి ఉంటుంది, లేదా లేమి తీరడం ఉంటుంది. పిల్లలు వద్దనుకుని ఆ తర్వాత మామూలుగా బతికేవాళ్ళు మాత్రం నాకు చాలా తక్కువగా దొరికారు. దొరికినచోట కూడా ‘వద్దు’ అన్న మాట దగ్గరే కథ ఆగిపోతుంది. ఇంట్లో గొడవ, పెద్దవాళ్ళ కన్నీళ్ళు, ఒక నిర్ణయం, సమాప్తం. ఆ తర్వాతి ముప్పై నలభై ఏళ్ళ సాయంత్రాలు ఎవరితో గడిచాయన్నది కథకి బయటే ఉండిపోతుంది.

దీనికి మన దగ్గర సరైన మాట కూడా లేదు. ‘గొడ్రాలు’ తిట్టు. ‘సంతానలేమి’ ఆసుపత్రి బోర్డు మీది మాట. అందుకే చైల్డ్‌ఫ్రీ అని ఇంగ్లీషు మాటనే వాడుకుంటున్నాం. నాకు ఈ కథలతో సొంత అవసరం ఉంది. నేనూ నా భార్యా పిల్లలు వద్దనుకున్నాం. ఉండేది మెదక్‌లో. నిర్ణయం తీసుకోవడానికి మాకు పుస్తకాల సాయం అక్కర్లేకపోయింది. తీసుకున్నాక ఎలా బతకాలి, ఎవరితో బతకాలి అన్నదానికే సాయం కావాలి. ఆ దృష్టితో రెండు పుస్తకాల దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. ఒకటి అబ్బూరి ఛాయాదేవి కథలు, రెండోది ఓల్గా ‘విముక్త’.

ఛాయాదేవి ‘బోన్‌సాయ్ బ్రతుకు’ చాలామందికి తెలిసిన కథే. నగరంలో ఉద్యోగం చేసుకునే చెల్లెలి ఇంటికి అక్కయ్య వస్తుంది. కుండీల్లో కురచగా పెంచిన తురాయి, దానిమ్మ మొక్కల్ని చూస్తుంది. గాలివాన వచ్చినప్పుడు రోడ్డు మీది పెద్ద తురాయి చెట్టు కింద జనం తలదాచుకోవడమూ చూస్తుంది. ఆడపిల్లల పెంపకం ఈ బోన్‌సాయ్ లాంటిదే కదా అని ఆమెకి అర్థమవుతుంది. మనం ఈ కథని ఎప్పుడూ కుండీ వైపునుంచే చదువుతాం. ఎదగనివ్వని చేతుల గురించి మాట్లాడుకుంటాం. అది సరైన చదువే.

నాకు ఈసారి రోడ్డు మీది చెట్టు ఎక్కువ కనబడింది. దాని కింద నిలబడ్డవాళ్ళెవరూ దానికేమీ కారు. దారినపోయేవాళ్ళు. అయినా ఒక చెట్టు ఎదిగిందా లేదా అని చూడటానికి ఛాయాదేవి ఎంచుకున్న గుర్తు అదే: దాని కింద నలుగురు నిలబడగలరా? ఎన్ని కాయలు కాసిందని కాదు. 1970లలో వచ్చిన ఆ కథ ఆడవాళ్ళ జీవితాన్ని కొలవడానికి మాతృత్వాన్ని కాకుండా నీడని వాడుకుంది. ఈ సంగతి మనం పెద్దగా పట్టించుకోలేదు.

అయితే చెట్టు కింద చేరినవాళ్ళు వాన తగ్గగానే వెళ్ళిపోతారు. నీడ ఇవ్వడం ఒకటి, తోడు ఉండటం ఇంకొకటి. కథ మొదటిదానితో ఆగిపోతుంది.

‘సుఖాంతం’లో ఇంకో అంచు కనిపిస్తుంది. చిన్నప్పటినుంచీ కంటినిండా నిద్రపోయే వీలు దొరకని ఆడమనిషి కథ అది. పుట్టింటి పని, మొగుడి పని, పిల్లల పని. చివరికి నిద్ర కోసం మాత్రలు మింగుతుంది. నిండు సంసారం నిండు జీవితమేనని అనుకునేవాళ్ళు చదవాల్సిన కథ. ‘తన మార్గం’లో పెద్దావిడ భర్త పోయాక, పిల్లలుండీ వాళ్ళ పంచన చేరకుండా, తన దారి తాను చూసుకోవాలనుకుంటుంది. 2005లో సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్న సంపుటానికి ఈ కథ పేరే పెట్టారు. మూడు కథల్నీ పక్కపక్కన పెడితే ఒక విషయం తేటగా ఉంటుంది: పిల్లలుంటే ముసలితనానికి హామీ ఉన్నట్టేనన్న నమ్మకాన్ని ఛాయాదేవి పెద్దగా గొంతెత్తకుండానే పక్కన పెట్టేశారు.

ఛాయాదేవికి పిల్లలు లేరు. ఎందుకన్నది ఆవిడ సొంత విషయం, విమర్శకి దానితో పని లేదు. జెఎన్‌యూలో లైబ్రేరియన్‌గా పనిచేశారు. భర్త వరదరాజేశ్వరరావు పోయాక రాయడం మానలేదు. చివరి ఏళ్ళు హైదరాబాద్ కొండాపూర్‌లోని సి.ఆర్. ఫౌండేషన్ వృద్ధాశ్రమంలో ఉన్నారు, 2019లో పోయారు. వృద్ధాశ్రమం అనగానే మన కథల్లో కిటికీ పక్కన కూర్చుని కొడుకు కోసం ఎదురుచూసే ముసలమ్మ వస్తుంది. ‘తన మార్గం’ రాసిన మనిషి అక్కడ ఉన్నారంటే ఆ పాత బొమ్మ కొంచెం చెదరాలి. దిక్కులేక చేరడం, చూసుకుని చేరడం ఒకటి కావు. ఈ తేడా మీద మన దగ్గర ఇంకా సరైన కథ రాలేదనుకుంటాను.

ఇక్కడ మెదక్ సంగతి చెప్పాలి. హైదరాబాద్‌లో పిల్లల్లేకుండా బతకడం వేరు. అక్కడ అపార్ట్‌మెంట్లో ఎవరూ ఎవరినీ పట్టించుకోరు, అదే స్వేచ్ఛ అనిపిస్తుంది కూడా. మెదక్ 2016 నుంచి జిల్లా కేంద్రం, 2022 నుంచి రైలు కూడా ఉంది. అయినా ఊరు ఊరే. ఇక్కడ మనుషులు ఒకరికొకరు పిల్లల మీదుగా పరిచయమవుతారు. స్కూలు బస్సు ఆగేచోట, తొట్టెల ఫంక్షన్లో, పుట్టెంటుకల దగ్గర. ఆ దారి లేనివాళ్ళకి ఊళ్ళోకి వేరే దారి వెతుక్కోవాలి. అడిగేవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. “ముసలితనంల ఎవలు చూస్తరు?” అని అడిగే పెద్దమ్మ గొంతులో నిజమైన బెంగే ఉంటుంది. ఆ ప్రశ్న నన్ను ఒకసారి అడిగితే నా భార్యని పదిసార్లు అడుగుతారన్నది వేరే కథ.

ఆ ప్రశ్నని తేలిగ్గా కొట్టిపారేయలేను. ఎందుకంటే నేను మెదక్‌లో ఉండటానికి కారణం మా అమ్మానాన్నలే. ఇంటినుంచి పని చేసుకునే వీలు దొరకగానే వాళ్ళకి దగ్గరగా వచ్చేశాను. నాన్నకి బీపీ మాత్రలు తెచ్చేది నేను, అమ్మని కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళేది నేను. అంటే పెద్దమ్మ ప్రశ్నకి ఉన్న జవాబుల్లో నేనూ ఒకణ్ణి. పిల్లలు చూస్తారనడానికి నేనే రుజువు, నాకు మాత్రం పిల్లలు ఉండరు. కొడుకులు చూడరు, కూతుళ్ళు చూడరు అని నాలుగు చేదు కథలు చూపించి ఈ లెక్క తేల్చేయడం నిజాయితీ కాదు. కొందరు పిల్లలు చూస్తారు. అది నిజమని ఒప్పుకున్నాకే మిగతా మాట్లాడాలి.

చట్టం కూడా ఈ విషయంలో మన కథల దారిలోనే నడుస్తుంది. తల్లిదండ్రుల పోషణ కోసం 2007లో వచ్చిన చట్టం పిల్లల్లేని వృద్ధుల్ని మరిచిపోలేదు. కానీ వాళ్ళకి పోషణ అడిగే హక్కు ఇచ్చింది ఎవరి మీద? ఆస్తి దక్కే బంధువు మీద. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం పిల్లల్లేని భార్య, భర్త కూడా లేకుండా, వీలునామా రాయకుండా పోతే, ఆమె సొంత సంపాదన ముందు వెళ్ళేది భర్త వారసులకి, ఆ తర్వాతే ఆమె తల్లిదండ్రులకి. ఇరవై ఏళ్ళు పక్కనే ఉన్న స్నేహితురాలు వీలునామా లేకపోతే ఈ లెక్కలో ఎక్కడా లేదు. రక్తం, పెళ్ళి, ఆస్తి. ఈ మూడూ కాని మనిషికి మన కథల్లో ఎంత చోటుందో చట్టంలోనూ అంతే.

ఎప్పుడూ ఇంతేనా అంటే, కాదు. మన పాత కావ్యాల్లో సప్తసంతానాలనే మాట ఉంది. తటాకం, ధననిక్షేపం, అగ్రహారం, దేవాలయం, వనం, కావ్యం, పుత్రుడు. ఏడింటిలో కొడుకు ఒకడు మాత్రమే. ‘మనుచరిత్ర’ అవతారికలో కృష్ణదేవరాయలు పెద్దనని కావ్యం రాయమని అడిగేటప్పుడు ఈ ఏడింటిలో చెడకుండా నిలిచేది కృతేనంటాడు. ఆధునిక కథ ఆరింటిని వదిలేసి ఏడోదాన్నే పట్టుకుంది.

అలాగని సప్తసంతానాలు మాకు జవాబైపోవు. అది రాజుల, ధనవంతుల జాబితా. మా ఈఎంఐలతో చెరువు తవ్వించలేం. పైగా అందులో ఉన్న ఆశ పేరు నిలవాలన్నదే. నాకు పేరు నిలవక్కర్లేదు, జ్వరమొచ్చిన రోజు గంజి కాచి ఇచ్చే మనిషి కావాలి. అయినా ఆ జాబితాలోంచి నేను చెరువుని తీసుకుంటాను. చెరువుకి తవ్వించినవాడి పేరు పోయినా పర్వాలేదు, పూడిక తీసేవాళ్ళు లేకపోతేనే పోతుంది. ఏటా కొందరు కలిసి చేయాల్సిన పని. మెదక్‌లో అలాంటివి కళ్ళముందే ఉన్నాయి. 1924లో పూర్తయిన చర్చి కరువు రోజుల్లో ఆకలిగొన్నవాళ్ళకి పనిచ్చి కట్టించిందని ఊరంతా చెప్పుకుంటుంది. క్రిస్మస్‌కి అన్ని మతాలవాళ్ళూ వెళ్తారు. బతుకమ్మ పుట్టుక గురించి పాడుకునే కథల్లో ఒకటి బిడ్డల్ని పోగొట్టుకున్న రాజదంపతులది. కానీ ఆట మొదలయ్యాక నీకెందరు పిల్లలని వలయంలో ఎవరూ అడగరు. చప్పట్లు కలిస్తే చాలు. చిక్కేమిటంటే బతుకమ్మ తొమ్మిది రోజులే. మిగిలిన రోజులకి వలయం మనమే కట్టుకోవాలి.

ఇప్పుడు ఓల్గా ‘సమాగమం’. 2015లో సాహిత్య అకాడమీ అవార్డు పొందిన ‘విముక్త’లోని కథ. వాల్మీకి ఆశ్రమంలో ఉన్న లవకుశులు అడవిలో ఒక అందమైన తోట చూస్తారు. ఆ తోట మనిషి కురూపి అని నవ్వుతారు. సీతకి ఆమె శూర్పణఖ అని తెలుస్తుంది, వెళ్ళి కలుస్తుంది. ముక్కూ చెవులూ పోగొట్టుకున్న మనిషి ఎంత నరకం దాటి ఆ తోట దగ్గరికి వచ్చిందో వింటుంది. ఈ కథని మనం ఆడవాళ్ళ మధ్య చెలిమి కథగా, అందం మీద ప్రశ్నగా చదివాం. అవి ఉన్నాయి. కానీ ఇద్దరి మాటల్లో ఒకచోట ప్రశ్న దిశ మారిపోతుంది. పిల్లలు నగరానికి వెళ్ళిపోతే నువ్వేం చేస్తావన్న ప్రశ్న శూర్పణఖ నోటినుంచి సీతకి వస్తుంది. తన తోటకి రమ్మని పిలుస్తుంది.

మా పెద్దమ్మ అడిగే ప్రశ్నే అది. మనిషి మారింది, అంతే. ఇక్కడ బెంగపడాల్సింది ఇద్దరు కొడుకుల తల్లి గురించి. చోటు ఉన్నది తోట పెంచుకున్న మనిషి దగ్గర. శూర్పణఖకి ఉన్నవి ఒక తోట, ఒక సహచరుడు. అవి ఉన్నాయి కాబట్టి ఇంకొకరిని పిలవగలిగింది. పిల్లల్లేని జీవితం అంటే ఎవరో వచ్చి మనల్ని చూడాలని ఎదురుచూడటం కాదని, నలుగురిని పిలవగలిగే చోటు కట్టుకోవడమని ఈ కథ నాకు చెప్పింది. ఛాయాదేవి చెట్టుకి లేనిది ఇదే. చెట్టు నీడ ఇస్తుంది, పిలవలేదు.

కథలో లోటు ఉంది. ఆ తోట అడవిలో ఉంది. అక్కడికి పాలవాడు రాడు, తోటలో పని ఎవరెవరు పంచుకుంటారో తెలీదు, ఒకరికొకరు విసుగెత్తే రోజు రాదు. పిలుపు ఉంది కానీ కలిసి బతకడం లేదు. పురాణం తీసుకున్నందువల్ల ఓల్గాకి దొరికిన ఎత్తుతోపాటు వచ్చిన ఖాళీ అది. స్నేహం మీద నిలబడే జీవితంలో కష్టమంతా ఆ ఖాళీలోనే ఉంటుంది. కొడుకు అలిగినా కొడుకే. స్నేహితుడు అలిగి దుబాయ్ వెళ్ళిపోతే?

2024లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రే ఎక్కువమంది పిల్లల్ని కనమని బహిరంగంగా చెప్పారు. ఈ మాటలు ఇంకా పెరుగుతాయి. వాటికి జవాబుగా వ్యాసాలు వస్తాయి, నాకు మాత్రం కథ కావాలి. శూర్పణఖ తోటని అడవిలోంచి తీసి మెదక్ లాంటి ఊళ్ళో, నీళ్ళ ట్యాంకరూ గేటు తాళమూ ఉన్న వీధిలో పెట్టే కథ. వీరోచిత నిర్ణయాలు అందులో అక్కర్లేదు. ఆపరేషన్ రోజు సంతకం ఎవరు పెట్టారో, దసరా రోజు ఎవరింట్లో తిన్నారో, ఇంటి రెండో తాళంచెవి ఎవరి దగ్గరుందో రాస్తే చాలు.