స్తనదాయిని

స్తన్యదాయిని యనఁగాఁ బాలిచ్చునది. స్తనదాయిని యనఁగా స్తనమునే యిచ్చునది. రెండింటికిని భేద మొక్క యకారమే. వంగరచయిత్రి మహాశ్వేతాదేవి తన కథకుఁ బేరిడునప్పు డా యకారమును విడిచెను. 1987లో నాంగ్లానువాదమును బ్రకటించిన గాయత్రీ చక్రవర్తి స్పివాక్ ఈ భేదమును గాపాడుటయేగాక దానిపైఁ దన వ్యాఖ్యానమునందు దృష్టి నిలిపెను. కథ యంతయు నా లోపించిన యక్షరమునందే యున్నదనిన నతిశయోక్తి గాదు. పాలిచ్చినదానికిఁ బాలు పోయినను దేహము మిగులును. అవయవమునే యిచ్చివేసినదానికి, దానికి రోగము వచ్చిననాఁడు, ఇది నాదని చెప్పుకొను నలవాటుకూడ మిగులదు.

కథ సంగ్రహముగా నిట్టిది. జశోద పేదబ్రాహ్మణుని భార్య. భర్త కంగాళీచరణుఁడు ధనికులగు హల్దారులయింటి చిన్నవాని మోటారుక్రిందఁ బడి కాళ్లు పోఁగొట్టుకొనెను. నాఁటినుండి జశోద యా యింట దాదియై, కోడండ్రు కన్న బిడ్డల కెల్లఁ బాలిచ్చుచు, పాలు తఱుగకుండుటకై తానును బిడ్డలఁ గనుచు, సంసారమును నడపెను. పెద్ద యజమానురాలు గతించెను. కోడండ్రు కాన్పులు మానిరి. జశోద వంటలక్క యయ్యెను. పిదప నొకనాఁడు రొమ్ము గట్టిపడి యెఱ్ఱఁబాఱెను. ఆమె చూపదు. చూచినవారు వెంటనే కదలరు. వైద్యుఁడు వచ్చునప్పటికి వ్యాధి ముదిరినది. తన పాలు త్రావి పెరిగినవారిలో నొక్కఁడును జెంతలేక, ఆమె యాసుపత్రిలోఁ జనిపోవును.

పాఠకులు సామాన్యముగా నా మరణముకడఁ గన్నీరు విడుతురు. విమర్శకుఁడు నిలువవలసిన తావు వేఱు. గడ్డ తెలిసిన దినమునకును వైద్యుఁడు వచ్చిన దినమునకును నడుమఁ గొంతకాలము గడచినది. రచయిత్రి ప్రతిభ యెల్ల నచ్చటనే యున్నది. ఆ నడిమికాలమున దుష్టులు లేరు. ఒకరికి సిగ్గు, ఒకరికిఁ బని, ఒకరికి నుపేక్ష. జశోదకుఁ దన రొమ్మునుగూర్చి మాటాడుట కొక్కటే భాష తెలియును; అది బిడ్డలకుఁ బాలిచ్చు భాష. బిడ్డలు లేని యింట నా భాష మూఁగవోయినది.

జశోద యనఁగా యశోదయే. ఆ పేరు వినఁగానే తెలుఁగువారికిఁ బోతన దశమస్కంధము స్ఫురింపక మానదు. పోతన యోరుఁగంటిసీమవాఁడా, యొంటిమిట్టవాఁడా యను పాతవివాదముతో నిచ్చటఁ బనిలేదు. బమ్మెరయు, దానికి సమీపముననే యున్న పాలకుర్తియు నేఁడు జనగామజిల్లాలోనివి; ఆలేరునుండి తూర్పుగాఁ జనగామ దాఁటిపోయినఁ జేరవచ్చును. చనుబాలను గూర్చి తెలుఁగువారు మఱవని కథలు రెండు ఈ చిన్నసీమ పేరుతో ముడిపడియుండుట విశేషము. పాలకురికి సోమనాథుని బసవపురాణమున బెజ్జమహాదేవి శివునకుఁ దల్లి లేదని వగచును. తల్లియే యున్నచో నాతనిని విషము మ్రింగనిచ్చునా, పాములఁ దాల్పనిచ్చునా, వల్లకాటఁ దిరుగనిచ్చునా యని యామె తర్కము. తుదకుఁ దానే తల్లియై శివుని సాఁకును. భాగవతమునందలి పూతనకథ యిందుకు విలోమము. ఆమె విషము పూసిన రొమ్మునే బాలునకుఁ గుడిపెను. బాలుఁడు పాలతోఁగూడఁ బ్రాణములను ద్రావెను. ఎట్లిచ్చినను జన్నిచ్చినది గావున నామెకు సద్గతియుఁ గలిగెను.

అమృతపు రొమ్మొకటి, విషపు రొమ్మొకటి. వీనికిఁ దోడు ప్రబంధకవులు మూఁడవదానిని, అనఁగాఁ జూచువాని కంటికి విందైనదానిని, కొండలతోను జక్రవాకములతోను బోల్చి విసువులేక వర్ణించిరి. మూఁడింటియందును రొమ్మెవ్వరిదో వారి మాట వినఁబడదు. ఒకటి బిడ్డది, ఒకటి పాపముది, ఒకటి మగనిది. జబ్బుచేసిన రొమ్మునకు వీనిలోఁ దావు లేదు. ఉన్నచోఁ బూతనపక్కననే యుండవలెను. నే నేమి పాపము చేసితినని తొలిరాత్రి తన్నుఁ దాను బ్రశ్నించుకొను స్త్రీకి ఆ ప్రశ్న నెవ్వరు నేర్పిరో సాహిత్యచరిత్రకారులు కొంత యాలోచింపఁదగును.

బెజ్జమహాదేవి తర్కమును దిరుగవేసిన నింకొక ప్రశ్న పుట్టును. దేవునకుఁ దల్లి లేకున్న నొక స్త్రీ తల్లి యయ్యెను. ఆ స్త్రీకే రోగము వచ్చినచో నామెకుఁ దల్లి యెవరు? తెలంగాణమున నాఁడుదానికిఁ గష్టము వచ్చినపుడు తల్లిగారింటికిఁ బోవుట వాడుక. ఏఁబదియేండ్లు దాఁటినదానికిఁ దల్లిగారిల్లు తఱచుగా మూఁతపడియే యుండును. వదినెమఱఁదండ్రున్నను, ఈ మాట విప్పఁదగిన యిల్లు గాదు.

అయినను, ఆలేరుసీమయందే తల్లి నొప్పి వినఁబడిన కథ యొకటి నిజముగా జరిగినది. ఆలేరు మండలములోని శారాజీపేటయందుఁ జింతకింది మల్లేశముగారి తల్లి లక్ష్మి చీరల కాసు పోయుచుండెడిది. ఒక్క చీరకుఁ జేయి సుమారు 9,000 సారులు ఇటునటు కదలవలెను. భుజము పట్టివేయుచుండుటఁ జూచి కుమారుఁ డేండ్లతరబడి శ్రమపడి 1999 నాఁటి కాసుయంత్రమును సిద్ధపఱచి, దానికిఁ దల్లి పేరే పెట్టెను. 2017లోఁ బద్మశ్రీ బిరుదము వచ్చినది. 2019లో ‘మల్లేశం’ అను చలనచిత్రము వెలువడినది. ఆ చిత్రమునందలి మేలు యంత్రనిర్మాణమును జూపుటకంటె, తల్లి బాధ యింటివారి చెవినిఁ బడిన తీరును జూపుటయందే యెక్కువ గలదు.

ఇచ్చట నొక్కటి గమనింపవలెను. భుజము నొచ్చుచున్నదని తల్లి కొడుకుతోఁ జెప్పవచ్చును, మగ్గముకడఁ జెప్పవచ్చును, అరుగుమీఁదఁ జెప్పవచ్చును. రొమ్మునుగూర్చి యట్లు చెప్పుట గలదా? పైఁగా నీ గడ్డకు మొదట నొప్పి తఱచుగా నుండదు. నొప్పిలేనిదియుఁ జెప్పరానిదియు నగునది యింటివారి లెక్కలో లేనిదే యగును. మన చలనచిత్రములును ఈ సిగ్గును బాగుగనే పాటించినవి. 1993లో వచ్చిన ‘మాతృదేవోభవ’లోఁ దల్లికి వచ్చునది రక్తకాన్సరు. అది కనులఁబడు నవయవము నేదియుఁ జెఱుపదు. పేరు చెప్పుటకు నెవ్వరును దలవంచుకొనవలసిన పనిలేదు. కథకుల కిది సుకరమే.

మాటల కొఱఁతయు నిట్టిదే. సుశ్రుతుఁడు గ్రంథులను, అర్బుదములను, స్తనరోగములను వేర్వేఱుగా వివరించెను. అర్బుదము శాస్త్రమున నిలిచినదేగాని యింటిలోనికి రాలేదు. రాచపుండు, పుట్టకురుపు అను తెలుఁగుమాటలు వినినంతనే గుండె జాఱును. నేఁటి యనువాదకులు జన్యుదోషమను మాటను బుట్టించిరి. జాతకదోషము, నాగదోషము విని పెరిగినవారి కిందలి దోషశబ్దమేమి చెప్పునో వారు తలంపరైరి. తల్లినుండి సంక్రమించినది తల్లి చేసిన తప్పు గాదు. ‘వంశమున వచ్చిన మార్పు’ అనిన సరిపోయెడిది.

ఈ మౌనమును భంగపఱచినవారు పండితులు గారు, నటీమణులు. తాడిమళ్ల గౌతమి తన 35వ యేట ఈ వ్యాధి వచ్చుటను బహిరంగముగాఁ జెప్పి, పిదప రోగులకొఱ కొక సంస్థను స్థాపించెను. 2021 డిసెంబరులో హంసానందిని తనకు రొమ్ముకాన్సరు వచ్చినదనియుఁ, దన తల్లియు నీ వ్యాధితోనే పోయినదనియు, జన్యుపరీక్షలో నీ మార్పు తనయందుఁ గనఁబడినదనియుఁ బ్రకటించి, జుట్టులేని తన చిత్రమును లోకమునకుఁ జూపెను. రచనలుగాఁ జూచిన నవి చిన్నవి; ధైర్యమను మాట వానిలో నొకింత యెక్కువ. కాని మూఁడువర్ణనములలోను లేని నాలుగవది, అనఁగా రొమ్ము గలదాని స్వరము, వానియందు వినవచ్చినది. వైద్యరంగముననుగూడ నిట్టిదే జరిగినది. వైద్యురాలగు ఉషాలక్ష్మిగారికి ఈ వ్యాధి వచ్చిన పిదప, శస్త్రవైద్యుఁడగు కుమారుఁడు రఘురాముఁడు 2007లో నామె పేర హైదరాబాదున నొక సంస్థను నెలకొల్పెను. శారాజీపేట యంత్రమువలెనే యిదియుఁ దల్లి పేరు మోయుచున్నది.

తోడ్పాటంతయు నొకటే గాదనుటకు అమెరికా కవయిత్రి ఆడ్రీ లార్డ్ సాక్షి. ఆమెకు 1978లో నొక రొమ్మును దీసివేసిరి. 1980లో ఆమె తన దినచర్యను బుస్తకముగాఁ బ్రకటించెను. శస్త్రమైన మఱునాళ్లలోనే మంచిమనసు గల పరామర్శకురా లొకతె, లోపము పైకిఁ గనఁబడకుండుటకై, గొఱ్ఱెయూలు మెత్త నొకదానిని దెచ్చి యిచ్చెను. లార్డ్ దానిని ధరింపలేదు. వైద్యునియొద్దఁ బనిచేయు దాది, అది లేకుండ వచ్చినఁ దక్కిన రోగుల మనసు చెడునని మందలించెను. ఆ ఘట్టమును లార్డ్ కోపముతోనే వ్రాసెను. ఆ కోపమే యా పుస్తకమునకు జీవము. మన యిండ్లలో నా మెత్తకు మాఱుగా ‘నీ కేమియుఁ గాదులే’ యను మాట యొకటి కలదు. అనువారికి నూఱట, వినునామె యిఁక నోరు విప్పదు.

మరలి ‘స్తనదాయిని’కి వత్తము. దానియం దొక దోషము గలదు. స్వతంత్రభారతమునకే జశోద ప్రతీక యని రచయిత్రి స్వయముగాఁ జెప్పెను. దేశమును బిడ్డలందఱును బీల్చిరి, ఎవ్వరును బోషింపరైరి యని తాత్పర్యము. ఉపమానము గంభీరమైనదే. కాని జశోదను హల్దారు లొకందులకు వాడుకొనిరి. రచయిత్రి మఱియొకందులకు వాడుకొనెను. చివరి పుటలలో రోగము దేశపు రోగమై, మంచముమీఁది స్త్రీ కొంత మఱుఁగుపడును. రోగమును బ్రతీకగాఁ జేయుటవలనఁ గలుగు కీడును సుసాన్ సోంటాగ్ 1978లోనే విపులముగాఁ జర్చించినది. తనకే గడ్డ తెలిసిన పాఠకురాలు ఈ కథను జదివినచో నా ముగింపును దన ముగింపుగాఁ గొనును. అది సత్యము గాదు. జశోదను జంపినది యాలస్యము. తగిన రోగులయందు గడ్డమాత్రము దీసి కిరణచికిత్స చేసినను, రొమ్మంతయుఁ దీసినంత యాయువే కలుగునని 1985లోఁ బ్రకటింపఁబడిన పరిశోధనమును, దాని యిరువదియేండ్ల ఫలితములును నిరూపించినవి. ప్రతీకకుఁ జికిత్స లేదు, స్త్రీకిఁ గలదు. కథ యీ భేదమును బాటింపలేదు.

ఆలేరున రైలెక్కినచో భువనగిరి, బీబీనగరముల మీఁదుగా సికిందరాబాదు చేరుదురు. అటనుండి 1955లో స్థాపింపఁబడి, మెహదీ నవాజ్ జంగు పేరు దాల్చిన సర్కారు కాన్సరు ఆసుపత్రికిఁ గాని, నందమూరి తారకరామారావు తన భార్య బసవతారకము స్మృతికై సంకల్పింపఁగా 2000లోఁ దెఱవఁబడిన దానికిఁ గాని పోవలెను. సూదిపరీక్ష, శస్త్రము, మందులు. కిరణచికిత్స మూఁడునుండి యైదాఱు వారములవఱకు దినదినమును నుండును. చంకలోని గ్రంథులను దీసినచో నా ప్రక్కచేయి వాచుటయుఁ గలదు. ఆసు పోయు చేయి, కండెలు చుట్టు చేయి యదియే. ఇన్నిదినములు వంట యెవరు చేయుదురు, మగ్గ మెవరు చూతురు, వెంట నెవరు వత్తురు అను మూఁడు ప్రశ్నలు వైద్యుఁడు చెప్పిన మాటకంటె ముందుగా నామె నోటినుండి వచ్చును.

ఆసుపత్రిలోఁ జీటీ వ్రాయువాఁడు రోగి పేరు వ్రాసికొని వెంట వచ్చినవారి పేరడుగును. మహాశ్వేతాదేవి వ్రాసినది యా రెండవ పేరులేని కథ. ఆలేరునుండి పోయినామె చీటీమీఁద నది కొడుకుదో, కోడలిదో, ఎదురింటి మగ్గము గలామెదో యైయుండును.