నలుపు వేరు, మెరుపు వేరు

దసరాకు రెండు రోజుల ముందు తుక్కుగూడలో, శ్రీశైలం రోడ్డు మీద ఏ వాటర్ సర్వీసింగ్ షెడ్డు దగ్గరైనా కాసేపు నిలబడి చూడండి. బైకులు, ఆటోలు, ట్రాలీలు, కార్లు వరుస కట్టి ఉంటాయి. ఔటర్ రింగు రోడ్డు దిగే చోటు కాబట్టి ఎయిర్‌పోర్టు క్యాబులూ అక్కడే ఆగుతాయి. ఆయుధపూజ నాటికి బండి పెళ్లికొడుకులా ఉండాలి మరి. నీళ్లు కొట్టి, నురుగు పట్టించి, తుడిచాక కుర్రాడు అడుగుతాడు: "అన్నా, పాలిష్ గూడ కొట్టాల్నా?" ఊ అంటే చాలు, స్పాంజి ముక్కను తెల్లటి ద్రవంలో ముంచి బంపరు కిందిభాగం, చక్రాల మీది నల్లపట్టీలు, సైడు అద్దాల డొప్పలు, వైపర్ల కింది జాలీ అన్నింటినీ రెండు నిమిషాల్లో నిగనిగలాడిస్తాడు. పండగ గడుస్తుంది. పది రోజులకు బంపరు మళ్లీ బూడిదరంగే.

నా కారుకు పన్నెండేళ్లు. ఏటా ఈ తంతు జరిపించి, ఏటా నిరాశపడ్డాక గానీ నాకు అసలు ప్రశ్న తట్టలేదు: పోయిన నలుపు ఎక్కడికి పోయింది?

ఎక్కడికీ పోలేదు. కంకర మిషన్ దగ్గర చూసినవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. నల్లరాయి బండగా ఉన్నప్పుడు నల్లగానే ఉంటుంది. నలిగి పొడి అయితే తెల్లబడుతుంది. ఆ పొడి మీద నీళ్లు చల్లితే మళ్లీ నల్లబడుతుంది. బంపరు పైపొరకు జరిగేదీ అదే. దాన్ని ఎండ నలగ్గొడుతుంది.

బంపర్లకు ఎక్కువగా వాడే ప్లాస్టిక్ పాలీప్రొపిలీన్. ఇటలీలో జూలియో నట్టా బృందం 1954లో దీన్ని గట్టి పదార్థంగా తయారు చేసింది. 1963లో ఆయనకూ, జర్మనీకి చెందిన కార్ల్ జీగ్లర్‌కూ కలిపి నోబెల్ ఇచ్చారు. కారుకు వాడేటప్పుడు దెబ్బకు పగలకుండా కాస్త రబ్బరు, బిగువుగా ఉండడానికి టాల్కం రాతిపొడి కలుపుతారు. ఎప్పుడైనా బంపరు విప్పినప్పుడు వెనకవైపు చూడండి, పీపీ, ఈపీడీఎం, టీ20 అన్న అచ్చు కనిపించవచ్చు. ఆ టీ20 క్రికెట్ కాదు, నూటికి 20 పాళ్లు టాల్కం అని. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, గాలిలోని ఆక్సిజన్ కలిసి ప్లాస్టిక్ గొలుసుల్ని తెంపుతాయి. పైపొర పెళుసుబారి కంటికి కనబడనంత సన్నటి బీటలు వారుతుంది, లోపలి తెల్లపొడి బయటపడుతుంది. వెలుగు ఆ బీటల్లో చెదిరిపోయి మనకు బూడిదరంగు కనిపిస్తుంది. హైదరాబాద్ ప్రాంతంలో మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో మరోసారి మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నిలువు కర్రకు నీడే పడదు. అలాంటి ఎండలో రోజంతా నిలబడే బండికి మన జాలి తప్ప ఇంకేం దక్కుతుంది?

ఇక ఆ నలుపు మసి. నూనెను అరకొరగా మండించి తీసిన మెత్తటి మసి. అందం కోసమే కలుపుతారనుకుంటాం గానీ, ప్లాస్టిక్‌కు మసి గొడుగు లాంటిది, కిరణాలను తానే మింగేస్తుంది. రైతులకు తెలిసిన డ్రిప్పు పైపులు నల్లగా ఉండేదీ ఇందుకే. నీళ్ల కోసం వేసే నల్ల హెచ్‌డీపీఈ పైపుల్లో దాదాపు 2.5 శాతం మసి ఉండాలని భారతీయ ప్రమాణమే ఉంది. మన తాతలు ఎడ్లబండి ఇరుసుకు పూసిన కందెన కూడా వరిగడ్డి కాల్చిన మసిని ఆముదంలో నూరిందే. ఇరుసుకూ బంపరుకూ పోలిక లేదనుకోండి. కానీ బండి ఒంటికి నూనె, మసి పట్టించే అలవాటు మనకు కారుతో వచ్చింది కాదు.

అందుకే కాబోలు, బంపరు తెల్లబడగానే మన చెయ్యి వంటింటి వైపు పోతుంది. కొబ్బరినూనె రాసేవాళ్లున్నారు, పల్లీనూనె రాసేవాళ్లున్నారు. నవ్వకండి, అమెరికాలో పల్లీల ముద్ద రుద్దేవాళ్లూ ఉన్నారు. పనిచేసేది అందులోని నూనే. నూనె బీటల్లోకి దిగి, రాతిపొడిని నీళ్లు తడిపినట్టు తడుపుతుంది, వెంటనే నల్లబడుతుంది. ఆ సంతోషం మొదటి దుమ్ము లేచేదాకానే. వంటనూనె జిగురు తిరిగి మట్టిని పట్టుకుని కూర్చుంటుంది. కిరోసిన్, డీజిల్ ఇంకా చేటు. రబ్బరు కలిసిన ప్లాస్టిక్ వాటిని తాగి ఉబ్బుతుంది. వాడేసిన ఇంజన్ ఆయిల్ సంగతి చెప్పనే అక్కర్లేదు, ప్యాంటుకు అంటితే ఇంట్లోవాళ్లే చెబుతారు. బూటు పాలిష్‌లో మైనం, రంగు రెండూ ఉన్నా మే నెల ఎండకు కరిగి చేతికి వస్తుంది. షెడ్డులో కుర్రాడు పూసే తెల్లటి ద్రవం వీటన్నిటికంటే నయం. అది నీళ్లలో కలిపిన సిలికాన్, జిగురు తిరగదు, ప్లాస్టిక్‌ను తినదు. అయితే అదీ తడే, వానకు కడుక్కుపోతుంది. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి: బైకు సీటుకు, ఫుట్‌రెస్టుకు, టైరు నేలను తాకే భాగానికి, బ్రేకు డిస్కుకు ఆ పాలిష్ తగలనివ్వకూడదు. జారి పడేది బండి కాదు, మనం.

నిలిచే పని వేరే ఉంది, దానికి ఓపిక కావాలి. ముందు తెల్లదనం ఎలాంటిదో తేల్చుకోవాలి. మన వైపు బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ; తుడవకుండా ఎండలో ఆరనిస్తే సున్నపు మరకలు మిగులుతాయి. నీళ్లు కలిపిన వెనిగరో నిమ్మరసమో రాస్తే అవి కరిగిపోతాయి. రంగు మీద రుద్దిన వ్యాక్స్ అంచుదాటి ప్లాస్టిక్ గరుకులో ఇరుక్కున్నా తెల్లగానే కనిపిస్తుంది, దానికి పాత టూత్‌బ్రష్, షాంపూ నీళ్లు చాలు. ఇవేవీ కాదు, తడిపితే నల్లబడి ఆరితే తెల్లబడుతోందంటే ఎండ దెబ్బే.

దానికి మేలైన మందు నల్లరంగు కలిసిన ట్రిమ్ డై, లేదంటే గట్టిపడే సిరామిక్ పూత. సీసా మీద ఎంత పెద్ద అక్షరాలున్నా, ముప్పావు వంతు పని కడగడంలోనే ఉంది. పాలీప్రొపిలీన్ దేన్నీ తన ఒంటికి అంటనివ్వదు, ఏళ్ల తరబడి నూనె తాగిందైతే అసలే అంటనివ్వదు. బ్రష్‌తో జిడ్డు తీసే ద్రావణం రెండుసార్లు పట్టించి, కడిగి, పూర్తిగా ఆరాక స్పిరిట్ తడిపిన తెల్లగుడ్డతో తుడవాలి. గుడ్డకు నలుపు అంటడం ఆగేదాకా తుడవాలి. రంగు అంచుల వెంట టేపు అంటించాలి. పొద్దున్నే నీడలో, పలచగా ఒక పూత, అది ఆరాక ఇంకొకటి. ఆ తర్వాత ఒక రోజంతా నీళ్లు తగలకూడదు. అలా చేసింది, బండి నీడన నిలిపితే ఏడాది పైనే ఉంటుంది.

హీట్‌గన్ చూపించి మాయ చేసేవాళ్లున్నారు. వేడిగాలికి పైపొర మెత్తబడి బీటలు పూడుకుంటాయి, బూడిద చారల మధ్య నలుపు పరుగెత్తుకొచ్చినట్టు కనిపిస్తుంది. చూడ్డానికి బాగుంటుంది, నేనూ ముచ్చటపడ్డాను. కానీ పాలీప్రొపిలీన్ దాదాపు 160 డిగ్రీలకే కరుగుతుంది, చెయ్యి ఒక్క క్షణం ఆగితే గరుకు చదునైపోయి ఆ మచ్చ ఎప్పటికీ పోదు. పైగా వేడి కొత్త మసిని చేర్చదు, ఎండను ఆపే మందునూ చేర్చదు. ఉన్నదాన్నే సర్దుతుంది. రెండు మూడుసార్లయ్యాక సర్దడానికీ ఏమీ మిగలదు. ఇక స్ప్రే పెయింటు కొట్టిస్తే, ముందు ప్లాస్టిక్‌కు పట్టు ఇచ్చే ప్రైమరు వేయకపోతే, చెట్టు బెరడులా లేస్తుంది.

పాత బండ్లు కొనేవాళ్లకు ఇదంతా మరోలా అక్కరకొస్తుంది. మసిపూసి మారేడుకాయ చేయడమన్నది ఈ వ్యాపారంలో అక్షరాలా జరిగే పని. నేను కొన్నప్పుడు బంపరు అద్దంలా ఉంది. నెల తిరక్కుండానే వెలిసింది. అప్పుడు తెలియలేదు గానీ, స్పిరిట్ తడిపిన గుడ్డతో ఒక మూల తుడిచి ఉంటే అక్కడే బయటపడేది. వెలిసిన బంపరు చెడ్డదేమీ కాదు, ఆ బండి ఎండలో నిలబడిందని చెబుతుంది అంతే. దాన్ని దాచిన బండిలో ఇంకేం దాచారో అని అడగాల్సి వస్తుంది.

పోయిన దసరాకు పాలిష్ వద్దన్నాను. డై వేసిన బంపరును మామూలుగా కడిగించి పూజ చేశాం. మా అమ్మ బానెట్‌తో ఆపకుండా బంపరుకూ పసుపు పెట్టింది. గరుకు ప్లాస్టిక్‌లో పసుపు ఇంకింది, సబ్బుకు పోలేదు. షెడ్డు కుర్రాడు యాసిడ్ నీళ్లు తెస్తానన్నాడు. "వద్దు తమ్మీ" అని బండిని తెచ్చి ఇంటి ముందు ఎండలో నిలిపాను. పసుపు రంగు ఎండకు ఆగదు కదా. నాలుగు రోజులకు మరక లేదు, ఐదో రోజు బండిని నీడకు మార్చాను.