తరుగూ మిగులూ

మా ఊళ్లో బండి చక్రానికి పట్టా వేసే రోజు పిల్లలకు పండగే. ఆచారి తాత చక్రాన్ని నేలమీద పడుకోబెట్టి, చుట్టూ పురికొస తిప్పి కొలత తీసేవాడు. అదే పురికొసను ఇనుప పట్టా పక్కన పరిచి, ఓ అంగుళం తక్కువకే పట్టాను కోసేవాడు. అప్పటికే బళ్లో చుట్టుకొలత సూత్రం నేర్చిన నాకు అది తప్పనిపించింది.

"తాతా, అంగుళం తగ్గింది. ఎలా పడుతుంది?"

"నిప్పెక్కనీ నాయనా, నీకే తెలుస్తుంది."

పిడకల మంటలో ఎర్రబడ్డ పట్టాను ముగ్గురు పట్టకార్లతో ఎత్తి చక్రానికి తొడిగారు. కర్ర భగ్గుమంది. బిందెలతో నీళ్లు పోస్తుంటే ఇనుము ముడుచుకుని, వంపు చెక్కల అతుకులన్నీ టకటకమంటూ బిగుసుకున్నాయి. ఆ తరిగిన అంగుళమే చక్రాన్ని పట్టి ఉంచేది.

ఐదడుగుల చక్రానికి వ్యాసం 60 అంగుళాలు, చుట్టుకొలత దాదాపు 188.5. ఇనుము 600 డిగ్రీల సెల్సియస్ మేర వేడెక్కితే ఆ పొడవు అంగుళం పైనే సాగుతుంది. అయినా చుట్టుకొలత అంగుళం పెరిగితే వ్యాసం పెరిగేది అందులో మూడో వంతే. ఆ కాస్త పెరుగుదలతోనే పని జరిగిపోవాలి. ఈ లెక్క నేను చాలా ఏళ్ల తర్వాత కాగితం మీద వేసుకున్నాను. తాతకు అది చేతిలోనే ఉండేది.

మనం బళ్లో పై (π) కోసం వాడే 22/7 కూడా అసలు విలువ కంటే రవ్వంత ఎక్కువే. ఆ సంగతి ఆర్కిమిడీస్ నిరూపించాడు. ఆ చక్రం మీద తేడా రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. ఆర్యభటుడు 499లో, 20,000 వ్యాసానికి 62,832 పరిధి అని చెప్పాడు. అంటే 3.1416. అంత దగ్గరికి వెళ్లి కూడా దాన్ని 'ఆసన్నం' అన్నాడు. దగ్గరిదే గాని అదే కాదని! నాకు ఆ అంకె కంటే ఆ మాట మీదే గౌరవం ఎక్కువ. కొలతను ఎంతవరకు నమ్మాలో తెలిసినవాడి మాట అది. తాత కోత కూడా అలాంటిదే.

అందుకే మా ఇంటి పిల్లలకు సూత్రం ముందుగా చెప్పను. పళ్లెం, పురికొస చేతికిస్తాను. పళ్లెం చుట్టూ తిప్పిన పురికొసను అడ్డుకొలత ప్రకారం మడిస్తే మూడు మడతలు వచ్చి చిన్న ముక్క మిగులుతుంది. అడ్డుకొలతలో దాదాపు ఏడో వంతు. "ఇదేమిటి మిగిలిపోయింది?" అని వాళ్లు అడిగేదాకా ఆగుతాను. 22/7 అప్పుడు చెబుతాను.